వేపిన తేయాకు – వంటింటి విద్య, వైద్యుని మాట



గోదావరి కాలువ గట్ల మీది ఊళ్ళలో కాపురమున్నవారికి ఆషాఢం మొదలుకొని కార్తికం వెళ్ళేవరకు గాలిలోని చెమ్మతో నిత్యం పోరాటమే. ఉప్పు నీరుకారుతుంది. అప్పడాలు మెత్తబడతాయి. కారం గడ్డకడుతుంది. అదే వరుసలో తేయాకు పొడి కూడా చెమ్మగిల్లి, వాసన కోల్పోయి, ఎంత మరిగించినా రంగే తప్ప రుచి లేని పానీయాన్ని ఇస్తుంది. అటువంటప్పుడు పొడిని మూకుడులో వేసి సన్న సెగ మీద కొంచెం వేపుకోవడం మన ఇళ్ళలో చాలామందికి తెలిసిన ఉపాయమే. ఇటీవల ఈ ఉపాయం కొత్త వేషం ధరించింది. తేయాకును, పంచదారను, ఏలకులను కలిపి వేపి, అందులో పాలు పోసే ‘రోస్టెడ్ మిల్క్ టీ’ 2024 ప్రాంతంలో వీడియోల ద్వారా ఇల్లిల్లూ చేరింది. కొందరు మైక్రోవేవ్‌లోనూ, కొందరు ఎయిర్ ఫ్రయర్‌లోనూ తేయాకును వేపుతున్నారు. ఈ పనిలో మంచి ఎంత, చెడు ఎంత, వేపినంత మాత్రాన తేనీటి గుణం మారుతుందా అన్న విషయాలను ఈ వ్యాసంలో మీ ముందుంచుతాను. చివరి ప్రశ్న పైకి చిన్నదిగా కనబడుతుంది. గర్భిణులకూ, రక్తహీనత గల స్త్రీలకూ అది చిన్నది కాదు.

వేపడం మనకు కొత్త కాదు

మా చిన్నతనంలో మా ఇంట కాఫీ గింజలను ఇంట్లోనే వేపేవారు. పేలాలు వేపే మట్టి మంగలమే అందుకు సాధనం. గింజలు చిటపటలాడి, గోధుమ రంగు దాటి, నూనె మెరుపు రాకముందే దింపి చేటలో పోసి విసిరేవారు. ఆ వాసన వీధి చివరిదాకా వెళ్ళేది. ఆ రోజుల్లో కాఫీ గింజలు ఎక్కడో దూరదేశం నుండి వస్తాయని అనుకునేవాళ్ళం. మన గోదావరి మన్యంలోనే, మారేడుమిల్లి దగ్గరి పాములేరు లోయలో, 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి కాఫీ తోట వేయించాడని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. నేడు అరకు కాఫీగా పేరుపొందిన పంటకు మన రాష్ట్రంలో తొలి నేల అదే.

తేయాకు సంగతి వేరు. అది మన డెల్టాలో పండదు. అస్సాం నుండి, నీలగిరుల నుండి రావలసిందే. తేయాకు పరిశ్రమ వారు 1937లో ఏర్పడిన టీ మార్కెట్ విస్తరణ మండలి ద్వారా దేశమంతటా ప్రచారం సాగించారు. ఆ తరువాతి దశాబ్దాలలో తేనీరు పట్నాల నుండి పల్లెలకు, పల్లెల నుండి పొలం గట్లకు చేరింది. నేను ఉద్యోగంలో చేరేనాటికే వరి ఊడ్పులకు వెళ్ళే ఆడవారికి తెల్లవారుజామున కడుపులో పడేది ఒక గ్లాసుడు టీ మాత్రమే.

మన డబ్బాలోని పొడి ఇదివరకే ఆరినది

వేపడం గురించి మాట్లాడేముందు, మనం కొనే పొడి ఏ స్థితిలో వస్తుందో తెలియాలి. తోటలో రెండు ఆకులు, ఒక మొగ్గ చొప్పున కోసిన చిగుళ్ళను మొదట వాడబెడతారు. తరువాత యంత్రాలలో నలిపి, చీల్చి, చిన్న గుళికలుగా చుడతారు. దీనినే సి.టి.సి. పద్ధతి అంటారు. 1930ల ఆరంభంలో అస్సాంలో ఈ యంత్రం రూపొందింది. నలిగిన ఆకు గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఆకుపచ్చ నుండి రాగి రంగుకు మారుతుంది. ఆకులోని కేటెచిన్లు అనే పదార్థాలు అప్పుడు రంగునూ, వగరునూ ఇచ్చే వేరే పదార్థాలుగా మారుతాయి. చివరకు వేడిగాలితో ఆరబెట్టి, తేమను మూడు శాతం దాపులకు తెస్తారు.

అంటే మన ఇంటికి వచ్చిన పొడి అప్పటికే వేడి చూసినది. మనం చేసేది నిజానికి వేపడం కాదు, పోయిన ఆరుదలను తిరిగి తేవడం. జపాన్ వారి ‘హోజిచా’ దీనికి భిన్నం. 1920లలో క్యోటో నగరంలో వ్యాప్తికి వచ్చిన ఆ పద్ధతిలో పచ్చ తేయాకును అధికమైన వేడి మీద గోధుమ రంగు వచ్చేవరకు వేపుతారు. దానివల్ల వగరు తగ్గుతుంది, కాల్చిన గింజల వంటి వాసన వస్తుంది. నల్ల తేయాకును అంత వేడికి గురిచేస్తే మనకు మిగిలేది మాడు వాసనే.

ఎలా ఆరబెట్టుకోవాలి?

మొదట పొడిని పరీక్షించండి. చెమ్మగిల్లడం వేరు, బూజు పట్టడం వేరు. పొడి కేవలం మెత్తబడితే వేపుకోవచ్చు. ముక్కిన వాసన వచ్చినా, తెల్లని నూగు కనబడినా, గడ్డలు కట్టినా మారుమాట లేకుండా పారవేయండి. కొన్ని బూజులు విడిచే విషపదార్థాలు వంటింటి వేడికి నశించవు. వేపితే వాసన మాత్రం పోయి, ఆ పొడి మంచిదన్న భ్రమ కలుగుతుంది.

మందమైన అడుగుగల స్టీలు గిన్నె గాని, పొడిగా తుడిచిన ఇనుప మూకుడు గాని, మట్టి మంగలం గాని తీసుకోండి. గిన్నెను సన్న సెగ మీద వేడిచేసి, నూరు గ్రాములకు మించకుండా పొడి వేసి, చెక్క గరిటెతో ఆపకుండా కలపండి. నాలుగైదు నిమిషాలలో పొడి చేతికి గలగలమని తగులుతుంది, ఆగిపోయిన వాసన పైకి లేస్తుంది. అక్కడే దింపాలి. పొగ కనబడిందంటే ఆలస్యమైనట్లే. వెంటనే వెడల్పాటి పళ్ళెంలో పరచి, పూర్తిగా చల్లారనిచ్చి, మూత బిగువైన గాజు సీసాలో పోయండి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి కథ మొదటికి వస్తుంది.

ఓవెన్ ఉన్నవారు పొడిని పలుచగా పరచి, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద పది నిమిషాలు ఉంచితే చాలు. మధ్యలో ఒకసారి కలపాలి.

మైక్రోవేవ్ ఈ పనికి తగినది కాదు. ఆ పరికరం ప్రధానంగా పదార్థంలోని నీటిని వేడిచేస్తుంది. తేయాకులో నీరు బహు స్వల్పం. అందువలన వేడి సమంగా పాకదు. ఒకచోట పొడి చల్లగానే ఉండగా, మరొకచోట మాడి నిప్పు కూడా అంటుకోవచ్చు. ఎయిర్ ఫ్రయర్‌లో గాలి వేగంగా తిరుగుతుంది. తేలికైన ఆకు ఎగిరి వేడి తీగెలను తాకుతుంది. గుళికల వంటి పొడి జల్లెడ రంధ్రాల నుండి క్రిందికి రాలుతుంది. ఆ రెండింటికీ ఈ శ్రమ పెట్టకండి.

నాన్‌స్టిక్ పెనాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నూనె గాని, నీరు గాని లేకుండా పెద్ద మంట మీద ఉంచిన నాన్‌స్టిక్ పెనం కొద్ది నిమిషాలలోనే 260 డిగ్రీలు దాటగలదు. అంతకుమించి కాగితే పైపూత విచ్ఛిన్నమై విషవాయువులు వెలువడతాయి. వాటిని పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం, దగ్గు, ఛాతీలో బిగువు కలుగవచ్చు. ఇంట్లో చిలుకలు, పిచ్చుకలు పెంచుకునేవారు మరీ జాగ్రత్తపడాలి. ఆ వాయువులకు పక్షులు ప్రాణాలు కోల్పోతాయి.

అసలు వేపవలసిన అవసరమే రాకుండా చూసుకోవడం మేలు. పొయ్యి పక్కన, ఆవిరి తగిలే అలమరలో డబ్బా పెట్టవద్దు. తడి చెంచా ముంచవద్దు. ఇంగువకు, ఆవకాయ జాడీకి దూరంగా ఉంచండి. తేయాకు ఇతర వాసనలను సులభంగా పట్టుకుంటుంది. ఉప్పు డబ్బాలో వేసినట్లే, వేపి చల్లార్చిన గుప్పెడు బియ్యాన్ని పలుచని గుడ్డలో మూటకట్టి సీసాలో వేస్తే కొంత చెమ్మను అది పీల్చుకుంటుంది. వర్షాకాలంలో కిలో పొట్లం బదులు పావుకిలో పొట్లం కొనడం అన్నిటికంటే తేలిక.

కల్తీ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒకసారి వాడిన పిప్పిని ఆరబెట్టి, రంగు వేసి అమ్మే మోసగాళ్ళు ఉన్నారు. వేపడం వలన కల్తీ పోదు. తెల్లని వడపోత కాగితం మీద కొంచెం పొడి చల్లి, నీటి చుక్కలతో తడిపి, తరువాత పొడిని కుళాయి క్రింద కడిగివేసి కాగితాన్ని వెలుతురులో చూడండి. మంచి పొడి అయితే చెప్పుకోదగిన మరక ఉండదు. రంగు కలిపినదైతే కాగితం మీద ముదురు మరకలు మిగులుతాయి.

వేపితే దోషం పోతుందా?

కొన్నాళ్ళ క్రిందట మా తమ్ముడి మనుమరాలు పురిటికి పుట్టింటికి వచ్చింది. ఆరవ నెల. చూడబోయిన నాకు టీ ఇస్తూ, “తాతయ్య గారూ, నేను ఇప్పుడు వేపిన టీయే తాగుతున్నానండీ. వేపితే అందులోని టానిన్ పోతుందట, రక్తం పట్టడానికి అడ్డు రాదట” అన్నది. “ఎవరు చెప్పారమ్మా?” అని అడిగాను. ఏదో వీడియోలో చూసిందట. ఆ అమ్మాయి చదువుకున్నదే. హిమోగ్లోబిన్ ఎంత అని అడిగితే తొమ్మిదిన్నర అని చెప్పింది. గర్భిణికి కనీసం పదకొండు ఉండాలి. ఈ వ్యాసం వ్రాయాలన్న ఆలోచన నాకు ఆనాడు కలిగింది.

తేనీటి వగరుకు కారణం అందులోని పోలీఫీనాలులు. వాడుకలో టానిన్లు అంటాము. వీటికి ఇనుముతో గట్టి పొత్తు. ఆ పొత్తును మన పెద్దలు వైద్యం కోసం కాకపోయినా అద్దకం కోసం బాగా ఎరుగుదురు. కలంకారీ పనివారు బట్టను ముందుగా కరక్కాయ రసం కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో నానబెట్టి తీసిన కసిమిని కలంతో ఆ బట్ట మీద గీస్తారు. గీసిన గీత చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుమును పట్టుకుని, నీటిలో కరగని నల్లని పదార్థంగా మారడమే దీనికి కారణం. పాతకాలపు కరక్కాయ, అన్నభేది సిరా కూడా ఇదే సూత్రం మీద పనిచేసేది. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు. రక్తహీనతకు మనం ఎన్నో ఏళ్ళుగా మాత్రల రూపంలో ఇస్తున్నదీ ఆ పదార్థాన్నే, శుద్ధిచేసి.

నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చూడండి. పాలు కలపని చిక్కని డికాషన్‌లో ఒక ఇనుప మేకు వేసి రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి గ్లాసులో సిరా వంటి నలుపు కనబడుతుంది. వేపిన పొడితోనూ, వేపని పొడితోనూ రెండు గ్లాసులు పెట్టి పోల్చుకోండి. రెండూ నల్లబడతాయి. మనం సన్న సెగ మీద చేసే అయిదు నిమిషాల వేపుడు టానిన్లను తొలగించలేదు. హోజిచా వలె అధికమైన వేడి మీద వేపితే కొంత తగ్గవచ్చు, కాని పూర్తిగా పోవు. కెఫీన్ సంగతీ అంతే. అది ఆవిరిగా ఎగిరిపోవడానికి 178 డిగ్రీల దాపుల వేడి కావాలి.

అన్నంతోనో, పెసరట్టుతోనో పాటు తేనీరు తాగినప్పుడు ఇదే పని మన జీర్ణమండలంలో జరుగుతుంది. ధాన్యాలు, పప్పులు, ఆకుకూరల నుండి వచ్చే ఇనుమును టానిన్లు పట్టివేస్తాయి. ఆ ఇనుము రక్తంలోకి చేరక మలంతో పోతుంది. 1975లో దక్షిణాఫ్రికా పరిశోధకులు రొట్టె మీద, అన్నం, బంగాళాదుంప ఉల్లి చారు భోజనం మీద ఈ విషయాన్ని పరీక్షించి, తేనీటితో ఇనుము శోషణ బాగా తగ్గుతుందని ప్రకటించారు. పాలు కలిపినంత మాత్రాన ఈ గుణం పోదు. పాలలోని కాల్షియం కూడా ఇనుము శోషణకు కొంత అడ్డే. మాంసం, చేపలలోని ఇనుములో కొంత భాగం వేరే రూపంలో ఉంటుంది. దానిమీద తేనీటి ప్రభావం తక్కువ. కాబట్టి ఎక్కువగా శాకాహారం మీద ఆధారపడే పేదింటి స్త్రీకే నష్టం అధికం.

నేను చూసినది

డెల్టాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్న రోజుల్లో ఒక వ్యవసాయ కూలీ, రెండవ కానుపు మనిషి, పరీక్షకు వచ్చింది. కనురెప్పల లోపల తెలుపు, పాదాల వాపు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. హిమోగ్లోబిన్ 7.6. రెండు నెలలుగా ఇనుము మాత్రలు వాడుతూనే ఉన్నానని చెప్పింది. మాత్రలు పారవేస్తున్నదేమో అని మా సిబ్బందికి అనుమానం. అట్ట చూస్తే ఖాళీ. “మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?” అని అడిగాను. “ఆయ్, పొద్దున్నే టీతోటే ఏసుకుంటన్నానండీ. ఉత్త నీళ్ళతో ఏసుకుంటే కడుపులో తిప్పుతందండీ” అన్నది. ఆ మనిషి ఒక్క రోజు కూడా మానలేదు. మాత్ర మాత్రం కలంకారీ బట్ట మీద పడిన చుక్కలాగే ఆమె పొట్టలో నల్లబడుతూ వచ్చింది.

ఆమెకు టీ మానమని చెప్పలేదు. తెల్లవారుజామున పొలానికి పోయే మనిషికి ఆ గ్లాసుడు వేడినీళ్ళే ఆసరా. మాత్రను రాత్రి అన్నం తిన్న రెండు గంటల తరువాత, పడుకునే ముందు, నిమ్మరసం పిండిన నీళ్ళతో వేసుకోమన్నాను. మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనబడినందువలన దానికీ మందు ఇచ్చాము. తొమ్మిది వారాలకు హిమోగ్లోబిన్ 10.1కి చేరింది. కానుపులో రక్తస్రావం కొంచెం ఎక్కువే అయినది. 7.6తో ఆ రక్తస్రావాన్ని ఆమె తట్టుకోగలిగేదా అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఇంటికి వెళ్ళారు.

తేనీరే రక్తహీనతకు కారణమని నేను అనడం లేదు. చెప్పులు లేకుండా మళ్ళలో దిగేవారికి కొంకిపురుగులు, వెంటవెంట కానుపులు, అధిక ఋతుస్రావం, చాలీచాలని తిండి, మన్యం ప్రాంతాలలో కొడవలి కణవ్యాధి, ఇలా ఎన్నో కారణాలు ఉన్నాయి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ధాన్యాగారమని పేరుగన్న నేల గల రాష్ట్రంలో ఈ సంఖ్య సిగ్గుపడవలసినది. ఆ కారణాలలో చాలావాటిని తొలగించడానికి డబ్బు, ప్రభుత్వం, కాలం కావాలి. టీ గ్లాసును ఒక గంట వెనక్కి జరపడానికి మాత్రం ఏదీ అక్కరలేదు.

ఆచరించవలసినవి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో భోజనానికి కనీసం ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీలు తాగవద్దని సూచించారు. రోజు మొత్తం మీద కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించరాదని చెప్పారు. 150 మిల్లీలీటర్ల టీలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. మరీ చిక్కగా మరిగించేవారు తక్కువ సంఖ్యలోనే ఆ హద్దు దాటుతారు.

గర్భిణులకు నాలుగవ నెల నుండి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. కానుపుకు ముందు 180 రోజులు, తరువాత 180 రోజులు వాడాలి. దానిని టీతో గాని, పాలతో గాని, కాల్షియం మాత్రతో కలిపి గాని వేసుకోవద్దు. కడుపులో త్రిప్పితే మాత్ర మానకండి, వేళ మార్చండి. మలం నల్లగా వస్తే భయపడవలసిన పనిలేదు.

భోజనంలో నిమ్మరసం, జామకాయ, ఉసిరి వంటివి చేర్చుకోండి. వాటిలోని విటమిన్ సి ఇనుము శోషణకు తోడ్పడుతుంది. పెసరట్టు తినగానే టీ తాగే అలవాటు మనకు ప్రాణసమానం. అయినా రక్తం తక్కువగా ఉన్నవారు ఆ రెండింటి మధ్య ఒక గంట విరామం ఇవ్వండి.

వేపిన పంచదారతో చేసే టీని మధుమేహం గలవారు మామూలు టీ లాగే లెక్కించాలి. పంచదార రంగు మారినంత మాత్రాన తీపి గుణం పోదు. పిండిపదార్థాలు, ఆకులు 120 డిగ్రీలకు మించి బాగా వేగినప్పుడు అక్రిలమైడ్ అనే అవాంఛనీయ పదార్థం ఏర్పడుతుంది. ఎప్పుడో ఒకసారి తాగినందుకు దిగులు వద్దు. ప్రతిదినం మాడేటట్లు వేపి తాగడం మాత్రం అనవసరం.

మా మనుమరాలికి టీ మానమని నేను చెప్పలేదు. మేకు పరీక్ష చేసి చూపించాను. రెండవనాడు ఉదయం రెండు గ్లాసులూ నల్లగా ఉండటం చూసి, తానే మాత్ర వేళను రాత్రికి మార్చుకుంది. పొడిని మాత్రం ఇప్పటికీ వేపుకుంటుంది, వాసన బాగుంటుందని. అందుకు నాకు అభ్యంతరం లేదు. వేపిన టీ రుచిగానే ఉంటుంది, నేనూ తాగాను.

మీ ఇంట్లో గర్భిణులు గాని, ఎదిగే ఆడపిల్లలు గాని ఉంటే ఈ వారంలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితంగా చేస్తారు. ఫలితం తక్కువగా వస్తే మీ వైద్యుని సలహాతో కారణం వెదకించి, మందు వాడండి.